ఏ మందు

పొద్దున ఏడున్నర బస్సులో
డ్రైవరు సీటు వెనకాల కూర్చుని వచ్చింది
ఒకప్పుడు రొయ్యలు మోసిన థర్మాకోలు పెట్టె.
కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టలేదట.
"చచ్చినవాటికెందుకులే" అన్నాడట.

తెచ్చినాయన ఏకొల్లు పెంచలయ్య.
నెల్లూరు అవతలి నుంచి నడిచొచ్చాడు
తొమ్మిదొందల బాతుల వెనకాల,
కోసిన మడల్లా తన ఊరే అన్నట్టు.
నిన్న పొద్దుగూకేసరికి మూడొందల పన్నెండు పోయాయి.
పన్నెండు దగ్గర ఆగి
మళ్ళీ వేళ్ళు మడిచాడు,
ఎక్కడో ఒకటి ఎక్కువ లెక్కపెట్టానేమోనని.

నేను గుంటూరు పశురోగ ల్యాబులో అటెండర్ని.
ఇరవై రెండేళ్ళుగా ఈ రాతిబల్ల కడుగుతున్నా.
గాలికుంటు ఏడు గిట్టలు ఊడిన దూడల్ని చూశా.
గొంతువాపు గేదె నెత్తుటిని గాజుపలక మీద పలచగా పరిచా.
ముద్దచర్మం రోగంలో
ఒంగోలు గిత్తొకటి, మూపురం నిండా కుంకుడుకాయలంత బొడిపెలు,
దాని ఆసామి వాటినే నిమురుతూ నిలబడ్డాడు.
అవన్నీ పేరున్న చావులు.
రిజిస్టరులో వాటికి గళ్ళు గీసి ఉన్నాయి.

మెహరున్నీసా డాక్టరమ్మ కిటికీలు మూయించింది.
ఉప్పలపాడు చెరువులో గూడబాతులు దిగిన కాలం,
అందరి భయమూ ఆ జ్వరం మీదే.
రెండేసి గ్లౌజులు, రెండేసి మాస్కులు.
ఎన్ని మూసినా యార్డు నుంచి మిరపఘాటు వస్తూనే ఉంటుంది.
ఎవరు తుమ్మినా
మిగతా ఇద్దరం అడుగు వెనక్కేశాం.

కాలేయం చూసింది. గుండె చూసింది.
ఏమీ అనలేదు.
కందనకాయ కోసింది.

గులాబీరంగు జొన్నలు.

పళ్ళు లేని జీవం
రాళ్ళతో నూరుకునే చోట,
సగం నలిగి, ఇంకా రంగు పోకుండా.
వరి కోసిన దుబ్బుల మధ్య ఎవరో విత్తుకున్నవి.
మందు పట్టించిన గింజలు.
ఆ పనిని విత్తనశుద్ధి అంటారు.
శుద్ధి అంటే ఏమిటో బాతులకి ఎవరు చెప్తారు?

వరండాలో పెంచలయ్య లేచి నిలబడ్డాడు.
"రోగమా అక్కా, మందా?"
మందే అన్నాను.
అని, నాలిక కరుచుకున్నాను.
నెల కిందట ఆయన బాతులకి పొడిపించిన సూదిలో ఉన్నదీ మందే,
ఈ రాత్రి గట్టు మీద ఒంటరిగా ఆయన తాగబోయేదీ అదే మాట.

ఆ తర్వాత ఫోన్లు.
అంటురోగం కాదు సార్, కాదు సార్, కాదు.
అవతలి గొంతులు తేలికపడటం
రిసీవరు దూరంగా పెట్టినా వినపడుతోంది.
కోడిమాంసం ధర పడదు,
ఎవరూ గుంతలు తవ్వక్కర్లేదు.
ఆ సంతోషంలో
పెంచలయ్యకి వచ్చేది ఏమీ లేదు.
"రోగమైతే ఏమన్నా ఇచ్చేవాళ్ళా?" అనడిగాడు,
సిగ్గుపడుతూ,
తప్పుడు పని అడిగినట్టు.

విత్తినవాడి మీద కోపమా అంటే, అదీ లేదు.
"ఆయనా కౌలుకే చేసుకుంటన్నాడు" అన్నాడు.

చచ్చినవన్నీ ఏం చేశావన్నాను.
కొన్ని పూడ్చాడట.
కొన్ని కాలవ గట్టున ఉన్నాయట,
తెల్లారేసరికి కుక్కలూ గద్దలూ లాగేశాయట.
డాక్టరమ్మ పెన్ను ఆగింది.
ఆ గద్ద ఏ తాడిచెట్టు కింద పడి ఉంటుందో
ఎవరు పెట్టెలో పెట్టుకుని బస్సెక్కుతారు?
బాతుకి పెంచలయ్య ఉన్నాడు.
గద్దకి వేళ్ళు మడిచేవాడు లేడు.

ఖాళీ పెట్టె ఇమ్మన్నాడు. ఇవ్వకూడదన్నాను.
కాసేపు చూసి వెళ్ళిపోయాడు,
మిగిలిన అయిదొందల ఎనభై ఎనిమిదిని
ఏ చేను మీదుగా నడిపించాలో తెలియని నడకతో.

బల్ల మీద నీళ్ళు పోశాను.
లేత గులాబీరంగు నీళ్ళు
తూములోకి చుట్టలు తిరుగుతూ దిగాయి.
ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ
ఆ తూము ఎక్కడ తేలుతుందో
నేను అడగలేదు.