టికెట్ వెనక బాకీ

ఇరవై ఎనిమిదేళ్లు
నిలబడే పోయాను, నిలబడే వచ్చాను.
కావలి, జలదంకి, కలిగిరి, వింజమూరు, ఉదయగిరి.
స్టేజీల పేర్లు నిద్రలో కూడా వరస తప్పేవి కావు.
ఊళ్లను మాత్రం చూళ్లేదు.
నాకు తెలిసిందంతా తలకాయలు,
చెమట చేతుల్లో నలిగిన నోట్లు,
మీసం మొలిచిన కొడుక్కి
పన్నెండు నిండలేదని అరటికెట్టు అడిగే తల్లులు.

మొన్న మంగళవారం కూర్చున్నాను.
మూడో వరస, కిటికీ పక్కన.
పాసు ఉంది, తియ్యబుద్ధి కాలా.
కండక్టరు పిల్ల కొత్తది,
మెడలో మిషను, చెవి మీద పెన్ను.
"యాడికి మా?" అంది.

గొంతులో ఏదో అడ్డం పడింది.
ఆ మాట నాది.
లక్షమందిని అడిగుంటాను,
నన్నెవరూ అడగలా.
"చివరిదాకా" అన్నాను.
వంద ఇస్తే, చిల్లర లేదని
టికెట్ వెనక ఐదు అని రాసి, కింద గీత గీసి
వెనక్కి పోయింది, నవ్వకుండా.
నేనూ నవ్వేదాన్ని కాదు.

ఎడం భుజం ఇంకా రవంత వంగే ఉంది.
డిపోలో సంచీ అప్పజెప్పిన సాయంత్రం
ఒళ్లు ఒకపక్కకి తేలిపోతుంటే
గోడ పట్టుకుని గేటుదాకా నడిచాను.
క్యాషియరు తిరుపాలు లెక్కచూసి
"రెండ్రూపాయలు ఎక్కువున్నాయి పెంచలమ్మా" అన్నాడు.
ఎవరివో.

ఒకసారి జలదంకి దాటాక
బస్సు వెనక దుమ్ములో పరిగెత్తుకుంటా వచ్చాడొక ముసలాయన,
పంచె ఒక చేత్తో, నేను రాసిచ్చిన టికెట్ ఒక చేత్తో.
రెండ్రూపాయల కోసం ఇంత రొప్పు ఎందుకయ్యా అని
కసురుకున్నాను.
ఇప్పుడా ముసలాయన
నాకు తరచూ గుర్తొస్తాడు.

ఫిబ్రవరిలో జుట్టుకి రంగు మానేశాను.
రెండు నెలలు అద్దంలో ఎవరో పక్కింటామె.
ఇప్పుడు కాస్త పరిచయమైంది,
పొద్దున్నే పలకరించుకుంటున్నాం.

మూడూ నలభైకి మెలకువ మాత్రం పోలేదు.
మొదట్లో పైకప్పు చూస్తా తిట్టుకునేదాన్ని.
ఇప్పుడు లేచి, ఒక్క గ్లాసుకే టీ పెట్టుకుని
మిద్దె మీదికి పోతాను.
చెన్నై వైపు పోయే రైలు ఊరిని కోసుకుంటా పోతుంది.
తర్వాత ఫస్టు సర్వీసు.
రెండో గేరు మూలిగే తీరు వింటే చాలు,
మాలకొండయ్య డ్యూటీలో ఉన్నాడు.
వాడు పోతాడు. నేను పోను.
టీ వేడిగా ఉంటుంది, చివరి గుక్క దాకా.
ఇన్నేళ్లలో ఈ సంగతే నాకు తెలీదు,
టీ అడుగున కూడా వేడి ఉంటుందని.

కలిగిరి దాటినాక కిటికీలోంచి కనబడ్డాయి,
వేపచెట్టు కింద గోనెసంచి మీద ముంజెలు.
"ఆపు ఆపు" అన్నాను.
విజిల్ కోసం చెయ్యి మెడ దగ్గిరికి పోయింది,
లేదు. నోటితోనే అరిచాను.
డ్రైవరు అద్దంలో చూసి
"చివరిదాకా అన్నావు గదా" అన్నాడు.
అన్నాను. అయితే ఏంది?

కల్వర్టు గోడ మీద కూర్చున్నా.
టికెట్లు చించి చించి కాయ కాసిన బొటనవేలు
ముంజె కంట్లోకి సర్రున దిగింది.
నీళ్లు ముంజేతి మీదుగా మోచేతి దాకా కారాయి.
తుడుచుకోలా.
ఎనిమిది తిన్నాను. మోకాలు లేవనన్నది.
సరేలే అని ఇంకో రెండు.
పశ్చిమాన ఉదయగిరి కొండ
నీలంగా, ఎవరో పిండి ఆరేసిన పంచెలాగా.
అంత పెద్దది ఇన్నాళ్లూ
ఏ తలకాయ వెనక దాక్కుందో.

టికెట్ పర్సులో ఉంది.
అచ్చు మాసిపోయింది, ఊరి పేరు చదవడానికి లేదు.
వెనక ఐదు మాత్రం నీలంగా నిలిచింది, గీతతో సహా.
ఆ పిల్ల నాకు బాకీ.
అడిగేస్తే అయిపోతుంది,
అందుకే అడగను.
మళ్లీ ఆ బస్సు ఎక్కడానికి
ఏదో ఒక పని ఉండాల గదా.