పసుపు ఉన్ని పోగు

కంచరపాలెం మెట్టు దాటాక మూడో రేకుల షెడ్డు నాది.
గేట్లూ గ్రిల్సూ చేస్తాను.
గుర్రపు డబ్బాకి తలుపు చెయ్యడం ఇదే మొదలు.

మరిది జీపు వెనక తగిలించి తెచ్చింది గైరమ్మ.
ముందు గుర్రం నిలబడే చోటు,
వెనక మూల జీనూ సామానూ దాచుకునే అర.
అర తలుపు ఓరగా వేలాడుతోంది
దెబ్బ తిన్న దవడలా.

"గుర్రాన్ని ఒగ్గీసి జీను ఎత్తుకుపోనారు బాబూ.
గుర్రమైతే సకిలిస్తాది. జీను నోరెత్తదు కదా.
లోపల గొలుసేసి కూడా కట్టినాను,
కుచ్చులతో పాటు కోసీసినారు."

బీచి రోడ్డులో సబ్‌మెరైన్ ఎదురుగా
సాయంత్రం నాలుగు నించి తొమ్మిది దాకా
పిల్లల్ని ఎక్కించుకు తిరిగే ఆడ గుర్రం. పేరు తుపాను.
హుద్‌హుద్‌కి ఊళ్ళో రేకులన్నీ లేచిపోయిన వారం పుట్టిందట.
పేరే అంత. లారీ హారనుకి కూడా అదరదు.

జీను ఆమె అన్న కుట్టినది, ఇప్పుడు లేడు.
కూర్చున్న పిల్లలందరి బరువూ పట్టి
నడుమ దోసిలిలా గుంట పడ్డ తోలు.
మువ్వల పట్టీ, రెండు ఇత్తడి రికాబులు, ఒకటి సొట్ట.
స్టేషన్లో రాసుకునే ఆయన అడిగాడట, రసీదుందా అని.
"అన్నకి రసీదుంటాదా బాబూ?"

పని చెప్పాను.
కొండీ బయట ఉంటే కోత సులువు, లోపలికి తిప్పేద్దాం.
నీ చెయ్యి దూరేంత కన్నం, కత్తెర తిరగనంత.
బందుల మేకులు ఊడకుండా వెల్డు కొట్టేస్తాను.
తాళం ఇత్తడిది కొను. ఇనుపదైతే
మన సముద్రం గాలికి నెల తిరక్కుండా తుప్పెక్కి
దొంగకి తెరుచుకుంటుంది, నీకు తెరుచుకోదు.
వారానికోసారి కుట్టుమిషను నూనె చుక్క.
కొబ్బరినూనె వద్దు, ఇసక పట్టేస్తుంది.
కొత్త రికాబుల మీద నీ పేరు కొడతాను, ఉలితో.
"నా పేరెందుకు, తుపాను అని కొట్టు.
పిలిస్తే అదే పలుకుతాది."

ఇదంతా గడగడా చెప్పాను,
చదువుకొచ్చిన పాఠంలా.
ఆమె నా నోటి వంకే చూస్తోంది.
"ఎంత తెలుసు బాబూ నీకు,
దొంగ బుర్రలో కూకుని చూసొచ్చినట్టు."

రాడ్డు అంటించాను. నీలం వెలుగు.
ముసుగు మొహం మీదికి లాక్కున్నాను,
వెలుగు కోసమే కాదు.

పోయిన గురువారం
ఒక కుర్రాడొచ్చి పెద్ద కత్తెర అద్దెకడిగాడు.
ఇంటి తాళంచెవి పోయిందన్నాడు. యాభై రూపాయలు.
మేకుకున్నది దించి ఇచ్చాను.
ఎవరిల్లని అడగలేదు. అడిగితే అద్దె పోతుంది.
తెల్లారి ఆరింటికే తెచ్చి బల్ల మీద పడేశాడు.
పళ్ళ మధ్య ఇరుక్కుని
పసుపు ఉన్ని పోగు, వేలెడు.
ఏ దుప్పటిదో అనుకుని ఊదేశాను.
ఊదాను గాని
ఎక్కడ పడిందో చూశాను.

తుపానుని బయట కరెంటు స్తంభానికి కట్టింది.
గంటసేపు నిప్పురవ్వలు రాలాయి, కదల్లేదు.
చివర్లో తీగముక్క ఒకటి మిగిలితే
ఆ కత్తెరే తీసి కోశాను.
టక్.
హారనుకి అదరని గుర్రం
రెండు చెవులూ వెనక్కి వాల్చింది.
గైరమ్మ దాని మెడ నిమిరింది,
"ఏటే, ఏటయింది?" అని.
నేను తీగముక్కని చూస్తూ నిలబడ్డాను.

కొంగు ముడి విప్పింది.
పదులూ ఇరవైలూ, ఇసక రాలుతూ.
వద్దంటే ఎందుకని అడుగుతుంది.
అడిగితే?
లెక్కపెట్టి తీసుకున్నాను, పన్నెండు వందలూ.
యాభై వెనక్కిచ్చాను.
"ఇదేటి?"
"ఎక్కువొచ్చింది."
ఆమె మళ్ళీ వేళ్ళ మీద లెక్కేసుకుంది,
నమ్మేసింది.

జీపు మలుపు తిరిగింది.
కొత్త తలుపు చప్పుడు చెయ్యలేదు. బాగానే కుదిరింది.

చీకటి పడ్డాక షెడ్డు ఊడ్చే కుర్రాడు
చీపురు పట్టుకుని వంగాడు.
"బల్ల కింద ఇవాళ వద్దురా" అన్నాను.