తనిఖీ

ఒంగోలు కాలేజీలో వెనక గది.
పైకప్పు మీద నిరుటి తుఫాను గీసిన పటం
సున్నం కొట్టినా చెరగలేదు.

విజయవాడ నుంచి వచ్చినావిడ
ఒక్కొక్కటే అడుగుతోంది.
తాళాలెన్ని? రెండో తాళంచెవి ఎవరి దగ్గర?
గాల్లో తేమ ఎంత?
ఆ లెక్క కొత్తపట్నం సముద్రానిదండీ, అనబోయి
మీటరు చూపించాను.

ట్రే లాగింది.
వేమవరం పలక, నంబరు నూటపద్నాలుగు.
ఈకలాంటి ఆకు. పక్కన తెల్లరంగు మీద నా చేతిరాత.
కోట్ల ఏళ్ళు ఏ రిజిస్టరూ లేకుండా
ఈనె చెదరకుండా దాచింది మట్టి.
మాకు మూడేళ్ళకోసారి అనుమతి.

యజమాని అన్న గడిలో
"ప్రజలు" అని రాసుంది.
ఆవిడ కళ్ళజోడు సర్దుకుని
"వాళ్ళెప్పుడైనా వచ్చారా?" అంది.

సందర్శకుల పుస్తకం తీశాను.
ఒకటే పేజీ. ఒకటే వేలిముద్ర.
బావి తవ్వుతూ ఈ పలక తీసిన మాలకొండయ్య
పోయిన శ్రావణంలో మనవరాలితో వచ్చాడు.
బీరువా ముందు చెప్పులు విప్పి
"బాగున్నావా?" అని అడిగాడు,
ఆకుని.

ఆ ముద్రని చాలాసేపు చూసిందావిడ.
"పైకప్పు బాగుచేయించండి. మళ్ళీ వస్తాను."
అర్హత గడి ఖాళీగానే ఉంది.
మీటరులో మాత్రం
తేమ ఒక గీత పెరిగింది.