నూటికి రెండు

సోహార్‌ల మా క్యాంపు, పదకొండో నంబరు రూము.
ఈ శుక్రవారం ఎలక్షను.

జీతంల నూటికి రెండు డబ్బల వెయ్యాలె,
ఏడేండ్ల కింద మేమే రాసుకున్న చట్టం.
ఒకటికి దించుమంటడు రాజలింగు.
"దేశమే మన జీతం ముట్టదు,
మధ్యల మీదేందిరా పన్ను?"

తప్పు మాట కాదు.
వాని బిడ్డ నర్సింగు ఫీజు ఎంతనో నాకెరుకే,
పంపేది నా ఫోన్ల నుంచే.
పద్దు పుస్తకం గూడ నా దగ్గర్నే:
పోశెట్టి, మూడు నెలల జీతం ఆగింది, బియ్యం, నూనె.
ఓబులేసు, పన్ను పీకుడు, పద్దెనిమిది రియాళ్లు.
పన్నుతోని పన్ను పీకించినమని ఆ రాత్రంత నవ్వినం.
షరీఫు, పెట్టె, విమానం కిరాయి.
సంతకం జాగ ఖాళీ.

దించాలంటే ఖర్జూరపు గింజ, వద్దంటే శనగ.
పాలపొడి డబ్బ మంచం కింద.
ఊర్ల లిస్టుల పేర్లు కొట్టేసి ఎన్నేండ్లాయెనో,
ఈడ లిస్టే లేదాయె;
అందుకేనేమో ఎనమండుగురం తానం చేసి
ఇస్త్రీ అంగీలు తొడిగినం.
పోశెట్టైతే వేలు మీద పెన్నుతోని
సుక్క గూడ పెట్టుకున్నడు.

లెక్కవెట్టేటోని ఓటు ఆఖరుకు, అది మా రివాజు.
సమానమైతే పాత చట్టమే నిలుస్తది.
బోర్లిస్తే నాలుగు గింజలు, మూడు శనగలు.
నాది ఇంక పిడికిట్లనే ఉంది,
చెమటకు నానుతున్నది.

రాజలింగు నా చెయ్యి దిక్కు చూస్తలేడు.
పుస్తకం తెరిచి
ఆ ఖాళీ జాగ మీద
బొటనవేలు పెట్టి కూసున్నడు.