దేసమ్మ లెక్క

చిత్తూరు దాటి పూతలపట్టు రోడ్డు దిగినాక
కొండ అనుకునేరు, కొండ కాదు.
ముప్పై ఏళ్లుగా ఊరు చేతులు దులుపుకున్న చోటు.

నేను కాటా దగ్గర తూకం రాసేవాణ్ణి.
లారీ ఎక్కుతుంది, ముల్లు ఊగుతుంది, అంకె వేస్తాను.
అంకెకు వాసనుండదు కాబట్టి
పుస్తకం ఇంట్లో అన్నం గిన్నె పక్కనే పెట్టుకుంటాను,
చొక్కా మాత్రం వాకిట్లో దండెం మీదే.

తవ్వి వాడుకుందామని ఇంజనీరు కిరీటి వచ్చాడు.
లోపలేముందో రికార్డుందా, అన్నాడు.
బరువులున్నాయి సార్, ఏమి బరువో లేదు, అన్నాను.
బీరువాలో మిగతా ఫైళ్లు చెదలు తిన్నాయి.
వాటికి కొరుకుడు పడనిది ఒక్క దేసమ్మే.

పదకొండో ఏట గోనెసంచి, ఇనుప కొక్కీతో ఎక్కిన మనిషి
ఎక్కిన దారినే వేలు చూపిస్తూ దిగింది:

"పైదంతా వానలేడు సామీ, నానిన పరుపులు, బడిపుస్తకాలు.
దాని కింద మూతిగుడ్డల ఏడు, ఆడ చెయ్యి పెట్టబాకు.
ఇంగా పోతే నోట్లు చెల్లని ఏడు.
నోట్లు దొరకలా, పర్సులు దొరికినాయి.
అడుగున క్యాసెట్టు రీళ్లు, పేగుల మాదిరి.
ఆ తూర్పు పక్క మటుకు మామిడి టెంకలు.
గుజ్జు ఫ్యాక్టరీ లారీలు లైట్లార్పుకోని వచ్చేటివి రాత్రిపూట.
చలికాలం మేం ఆడే పండుకునేది,
నేల వెచ్చంగా ఉంటాది."

ఆ చివరి మాట దగ్గర అతని పెన్ను ఆగింది.

మర్నాడు తూర్పు పక్కనే బోరు దించారు.
గొట్టం కొసన చిటికెన వేలంత మంట,
నీలంగా, పొగ లేకుండా.
అందరూ చప్పట్లు కొట్టారు.
దేసమ్మ నాలుగడుగులు వెనక్కి జరిగింది.

ఒక ఎండాకాలం ఈ గుట్ట పందొమ్మిది రోజులు కాలింది.
వాళ్ల తమ్ముడు మునిరత్నం
పైన బూడిదే కదా అని అడుగేశాడు.
నివురుగప్పిన నిప్పుకు అర్థం రాయమని
బళ్లో నన్నూ అడిగారు, రెండు మార్కులకు.
ఆ పిల్లోడు అరికాలితో రాశాడు.

తర్వాతి వారం గొట్టానికి మీట బిగించి పొయ్యికి కలిపారు.
పద్నాలుగు మందికి టీ.
గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఊదింది.
తాగింది.
"చక్కెర తగ్గింది" అంది.

ఇప్పుడు జల్లెడ డ్రమ్ము పొద్దస్తమానం తిరుగుతోంది.
నల్లమట్టి కిందికి రాలుతుంది.
శనగచేలకు వద్దంట, గాజుపెంకులున్నాయి, ఇంకేవో విషాలున్నాయంట;
గుంతలు పూడ్చడానికైతే సరే.
గుడ్డలూ కవర్లూ మోపులు కట్టి ఎర్రగుంట్ల తోలుతున్నాం,
సిమెంటు బట్టీలో మండి
ఎవరింటి గోడకో పనికొస్తాయి.
లోపలికి అని ఒకే గడి ఉన్న నా పుస్తకంలో
ఈ నెలే స్కేలు పెట్టి గీత గీశాను:
బయటికి.

దేసమ్మకు కూలి నాలుగు వందల యాభై, మిగతా వాళ్లతో సమానంగా.
ఆమె చెప్పిన దానికి ఏ గడి సార్, అంటే
ఇంజనీరు నవ్వాడు.
మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్నాను:
తూర్పు పక్క, దేసమ్మ మాట.

సాయంత్రం మార్కెట్టు నుంచి కొత్త లోడొచ్చింది.
ఒక సంచి కొక్కీతో చీల్చింది.
సాంబారు, బ్యాటరీ సెల్లు, పసిబిడ్డ డైపరు, తమలపాకులు,
అన్నీ ఒకటిగా కలిపి
పైన ముడి మాత్రం ఎంత శ్రద్ధగా వేశారో.

"ఇంగ ముప్పై ఏండ్లకి
ఇది ఏ ఏడని ఎవురు చెప్తారబ్బా?" అంది నా వైపు చూసి.

ముల్లు ఊగడం ఆగింది.
లోపలికి గడిలో రాశాను:
నాలుగు వేల నూట ఇరవై.