నూట ఎనభై మీటర్లు

చీమకుర్తి క్వారీలో
కాటా నుంచి ఆఫీసుకి
టేపు పట్టి కొలిస్తే నూట ఎనభై.
తీగకి నూరు మీటర్ల దాకే ఊపిరి.
ఆ పైన లారీ బరువు
సగం అంకెలుగా చేరుతుంది,
లేదా చేరనే చేరదు.

మధ్యలో ఒక పెట్టె పడాలి.
ఒంగోలు షాపులో రెండు చూపించాడు.
చవకది ప్లాస్టిక్కు,
వచ్చిన కూతను వచ్చినట్టే పెంచి అరుస్తుందట,
గురగురతో సహా.
రెండోది ఇనప్పెట్టె, పదకొండొందలు ఎక్కువ.
విన్నదాన్ని ముందు పోల్చుకుని
చెదిరిన అంచులు దిద్ది
కొత్తగా చెబుతుందట.

ఏది తెమ్మంటారని
ఓనరుకి ఫోను కలుపుతుంటే
మందు పేల్చే వేళయింది.
గుంతలోంచి ఎవరో కేకేశారు.
గాలికి సగం మాట కొట్టుకుపోయింది.
ఆ మిగిలిన సగాన్నే పట్టుకుని
గట్టు మీద మలకొండయ్య
ఎర్రగుడ్డ ఎత్తి
నింపాదిగా, మొత్తంగా అన్నాడు:
"తొమ్మిదో బెంచీ! అందరూ ఎగువకి!"
టీకొట్టు మస్తానమ్మ
స్టవ్వు తగ్గించి చెవులు మూసుకుంది.

ఇరవై రెండేళ్ళుగా అక్కడే నిలబడతాడు.
తనదంటూ ఒక్క మాట కలపడు.
ఒకే ఒక్కసారి, ఒక మాట జారిందట.
ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

నేను ఓనరుని అడగలేదు. ఫోను పెట్టేశాను.

ఇనప్పెట్టే తెచ్చి
మస్తానమ్మ కొట్టు గోడకి
రాతిదుమ్ము పడకుండా రేకు కింద బిగించాను.
కరెంటు ఆమెదే,
నెలకి వంద అని పుస్తకంలో రాయించాను.
పచ్చదీపం చిటుకు చిటుకుమంటోంది.

మలకొండయ్య వచ్చి, వంగి,
చాలాసేపు చూశాడు.
"దీనికి జీతమెంత?"