హాజరు

అయిదూ నలభైకి అబ్బాసియాలో మొదటి పిల్లోడు ఎక్కుతాడు.
చివరి పిల్ల ఎక్కేసరికి ముప్పై రెండు.
పేర్లు పిలవడం, తలలు లెక్కపెట్టడం, బెల్టులు చూడడం
నా పని.
రిజిస్టరు చివర ఒక గడి ఉంటుంది: ఏమైనా జరిగిందా?
ఏడాదిన్నరగా అందులో అడ్డగీతే గీశాను.

నేను పేరు పిలుస్తాను, వాళ్ళు ప్రెజెంట్ అంటారు.
పార్థివ్ దగ్గర మాట ఆగుతుంది.
ప్రె... ప్రె...
పెదాలు అతుక్కుపోయి, మెడ మీద నరం లేచి,
పిడికిలి బ్యాగు పట్టీని నలిపేస్తుంది.
వెనక సీట్లో సాకేత్ గడియారం నొక్కుతాడు.
వన్, టూ, త్రీ...
బస్సంతా అందుకుంటుంది.
పదకొండు. నిన్నటికన్నా రెండు ఎక్కువ.

పార్థివ్ కూడా నవ్వేవాడు.
ఆటే కదా అనుకున్నా.

తర్వాతెప్పుడో, రాత్రి ఉల్లిపాయ కోస్తూ, గుర్తొచ్చింది ఆ నవ్వు.
రాయచోటి నుంచి వచ్చిన కొత్తలో
నేను పనిచేసిన ఇంట్లో, అతిథుల ముందు
ఒకే మాట మళ్ళీ మళ్ళీ పలికించేవాళ్ళు నా చేత.
గొంతు లోతుల్లోంచి రావలసిన అక్షరం
నా పళ్ళ దగ్గరే జారిపోయేది.
వాళ్ళు సోఫాల మీద దొర్లేవాళ్ళు.
నేనూ నవ్వేదాన్ని.
నేను కాదు, నా జీతం నవ్వేది.

ముప్పై రెండు తలలూ ఉన్నాయి, లెక్క సరిపోయింది.
ఒక పిల్లోడు రోజూ నా కళ్ళముందే తప్పిపోతున్నాడు.
ఆ ఆటకి పుస్తకం తెరిచింది నేనే.

మొదట అరిచాను.
మూడు రోజులు గుసగుసగా లెక్కపెట్టారు.
తర్వాత పేర్లు పిలవడమే మానేశా.
వేలితో తలలు లెక్కపెట్టి ఊరుకున్నా, మంచి పని చేశాననుకుని.
దిగేటప్పుడు పార్థివ్ మెట్టు మీద నిలబడిపోయాడు.
"ఆంటీ, నా పే... పే... పేరెందుకు పిలవట్లేదు?"
వెనక రెండు బస్సులు హారన్ కొట్టాయి.
నా దగ్గర జవాబు లేదు.

సాకేత్ సంగతి వాడి చెల్లెలు చెప్పింది.
ఆ గడియారం వాళ్ళ నాన్న కొనిచ్చిందట, మంగఫ్ క్యాంపుకి మారే ముందు.
అమ్మ స్నానాలగదిలో తలుపేసుకుని ఎంతసేపుందో
వాడు దాంతోనే కొలుస్తాడట.
జాలేసింది, నిజమే.
జాలి పడ్డానని వాడి బొటనవేలిని వదిలేయలేను కదా.

ఆ రోజు గడిలో మొదటిసారి అక్షరాలు రాశాను. తెలుగులో.
సూపర్‌వైజరుకి చదవడం రాదు, పిలిపించాడు.
నిలబడి మొత్తం చదివి వినిపించా, నా తప్పుతో సహా.
ఇద్దరి ఇళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి.
సాకేత్‌ని ముందు సీట్లోకి, నా పక్కకి మార్చాను.
శిక్ష అనలేదు. దిగే మెట్టు దగ్గర చిన్నపిల్లల చేయి పట్టుకునే పని ఇచ్చా.
వాడు మొహం ముడుచుకునే పట్టుకున్నాడు.

డ్రైవర్ అబూ హానీ ఎర్ర దీపం దగ్గర బస్సాపి
అద్దంలోంచి పిల్లలని చూశాడు.
"ఇక్కడ రెండు నిమిషాలు ఆగుతాం.
ఈ దీపాన్ని చూసి ఎవరైనా నవ్వారా?"
అతని ఇంగ్లీషుకి ఇద్దరు కిసుక్కుమన్నారు.
అతను పట్టించుకోలేదు.

ఆదివారం నుంచి మళ్ళీ పేర్లు పిలిచా.
పార్థివ్.
ప్రె...
ఏసీ గుర్రుమంటోంది. బయట దుమ్ము, సూర్యుడు సత్తు బిళ్ళలా ఉన్నాడు.
సాకేత్ చేయి గడియారం మీదికి వెళ్ళింది.
యూకేజీ ఐలీన్ పట్టుకునున్న చేయి అదే. వదల్లేదు ఆ పిల్ల.
ప్రె...
ఎవరో తుమ్మారు. ఎవరో టిఫిన్ మూత సర్దుకున్నారు.
ప్రెజెంట్ ఆంటీ.
టిక్కు పెట్టాను.

గురువారం వెనక సీట్లో ఎవడో మళ్ళీ
వన్ అన్నాడు.
నేను పెన్ను ఆపి చూశాను.
టూ అనేవాడు దొరకలేదు వాడికి.